పాత మోటారు బిగించే ముందు పలక చూడు

చిరంజీవి మేనల్లుడికి,

తిరుపతి నుంచి మామయ్య ఆశీస్సులు. పాత టూ స్ట్రోక్ మోటారు కొన్నావని, దాన్ని చిన్న ఫైబర్ పడవకు బిగించి తడ దగ్గర పులికాట్‌లో తిప్పుతానని రాశావు. చాలా సంతోషం. స్టార్ట్ అవుతుందో లేదోనని నీకు టెన్షన్. నా భయమంతా దాన్ని మోసే వెనక పలక మీదే.

ఫైబర్ పడవల్లో ఆ పలక లోపల చాలావరకు చెక్కే ఉంటుంది. పాత బోల్టు రంధ్రాల్లోంచి నీళ్లు దిగితే పైకి ఏమీ కనబడకుండా లోపలే కుళ్లిపోతుంది. స్క్రూడ్రైవర్ పిడితో పలకంతా తట్టి చూడు. గట్టి చెక్కయితే టకటకమంటుంది, కుళ్లిన చోట మొద్దుగా మోగుతుంది. అలా మోగితే పలక మార్చేదాకా మోటారు ముట్టుకోవద్దు. పాతికేళ్ల కిందట నేను ఈ పని చేయకుండా బిగించాను. నీళ్ల మధ్యలో పలక చీలి మోటారు ఊడింది. తాడు కట్టి ఉంది కాబట్టి మునిగిపోలేదు. అందుకే బిగింపు స్క్రూలు ఎంత గట్టిగా తిప్పినా సరే, మోటారుకీ పడవకీ ఒక గట్టి తాడు కట్టు. పది నిమిషాలు నడిపాక స్క్రూలు మళ్లీ బిగించు, అదురుకు వదులవుతాయి.

తర్వాత ఎత్తు. పలక పై అంచు నుంచి పడవ అడుగుదాకా మధ్యలో కొలువు. 15 అంగుళాలుంటే షార్ట్ షాఫ్ట్ (పొట్టి కాడ) మోటారు, 20 ఉంటే లాంగ్ షాఫ్ట్ (పొడుగు కాడ) మోటారు సరిపోతుంది. నీళ్లలో తిరిగి పడవను నెట్టే ఫ్యాను పైన అడ్డంగా ఉండే రేకు పడవ అడుగుతో సమంగానో, ఒక అంగుళం కిందకో రావాలి. మరీ పైకుంటే ఫ్యాను గాలి పీల్చి ఉత్తినే అరుస్తుంది, పడవ కదలదు.

ఇంజిన్ చల్లబడేది బయటి నీళ్లతోనే. ఆ నీళ్లను లాగే రబ్బరు ఇంపెల్లర్ ఏళ్ల తరబడి పడి ఉంటే గట్టిపడిపోతుంది. పైకి బాగున్నట్టు కనిపించినా మార్చెయ్. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా వస్తే లోపలికి నీళ్లు వెళ్తున్నాయన్నమాట, సీలు మార్చాలి. పెట్రోలు పైపులూ కొత్తవి వెయ్యి. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు దానికి తట్టుకోదు. టూ స్ట్రోక్ కాబట్టి పెట్రోల్లో ఆయిల్ ఎంత కలపాలో ఆ మోటారు పుస్తకం ప్రకారమే కలుపు. 50కి 1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అయితే 40.

మొదటిసారి ఇంటి దగ్గరే నీళ్ల డ్రమ్ములో పెట్టి నడుపు. వెనక సన్నగా నీటి ధార రావాలి. రాకపోతే వెంటనే ఆపెయ్.

పులికాట్ సంగతి నీకు తెలుసు కదా, చాలాచోట్ల నడుంలోతు కూడా ఉండదు. ఫ్యాను బురదను తాకితే దాన్ని పట్టి ఉంచే చిన్న మేకులాంటి షియర్ పిన్ తెగొచ్చు, రెండు అదనంగా జేబులో వేసుకో. ఉప్పునీళ్లలో తిప్పి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్ల డ్రమ్ములో కాసేపు నడపాలి. అక్కడ పక్షుల అభయారణ్యం ఉంది, మోటారు పడవకు అనుమతి ఉందో లేదో ముందే అటవీశాఖ వాళ్లను అడుగు. తెడ్లు, లైఫ్ జాకెట్లు లేకుండా ఎక్కావని తెలిస్తే మీ అమ్మకు నేనే చెప్తాను.

పాత ఇంపెల్లర్ పారేయకు, సైజు చూసి కొత్తది తెద్దాం. డ్రమ్ములో నడిపే రోజు ముందుగా ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

ఇట్లు,
మామయ్య