సిగ్నల్ ఉన్నా లేనట్టే ఉండే సెంటర్లలో కారు ఎలా దాటించాలి?

అడిగింది: నెల్లూరు మినీ బైపాస్ మీదుగా రోజూ ఆఫీసుకు కారులో వెళ్లొస్తాను. పావుగంట దారికి ముప్పావుగంట పడుతోంది. సెంటర్లలో ఎవరి దారి వాళ్లదే. దీనికి విరుగుడేమైనా ఉందా?

జవాబు: ముందు జామ్ ఎక్కడ పుడుతోందో చూడండి. పచ్చలైటు పడ్డాక మొదటి బండి కదిలేసరికి రెండు సెకన్లు పోతాయి. ఆ తర్వాత ఒక వరసలో దాదాపు రెండు సెకన్లకొక కారు గీత దాటుతుంది. అంటే 25 సెకన్ల పచ్చలో వరసకు 11, 12 కార్లు. మీ ముందు ఎనిమిదే ఉన్నా దాటలేకపోయారంటే తప్పు లైటుది కాదు, అవతల గొంతు పూడుకుపోయింది. సెంటర్ దాటీ దాటగానే షేర్ ఆటోలు మనుషుల్ని ఎక్కించుకుంటూ ఉంటాయి, బస్సు కూడా అక్కడే ఆగుతుంది.

అందుకే అవతల మీ కారు పట్టేంత చోటు, ఐదారు మీటర్లు, కనబడేదాకా పచ్చ ఉన్నా గీత దాటొద్దు. వెనకాయన హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. నడిమధ్యలో ఇరుక్కుంటే మీ ఒక్క కారే అడ్డదారి రెండు వైపులా కట్టేస్తుంది.

పసుపు పడితే ఆగాలా, పోవాలా? 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కాలని తోచేసరికే పదిహేను మీటర్లు పోతాయి, కారు ఆగడానికి ఇంకో పది. గీత ఇంకా పాతిక మీటర్లకు పైగా ఉంటే ఆగండి, అంతకన్నా దగ్గరైతే దాటేయండి. వెనక ఇసుక లారీ ఉందేమో అద్దంలో చూసుకోవడం మరవకండి.

కుడికి తిరగడానికి మధ్యలో ఆగినప్పుడు స్టీరింగ్ నిటారుగానే ఉంచండి. చక్రాలు ముందే తిప్పి ఉంచితే, వెనక నుంచి ఎవరైనా గుద్దినప్పుడు కారు నేరుగా ఎదురొచ్చే బండ్ల మీదికి పోతుంది. తిన్నగా పోతున్నామని చెప్పడానికి నాలుగు ఇండికేటర్లూ వేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. పక్కదారిలో ఉన్నవాడికి మీ కారు ఒక వైపే కనబడుతుంది కాబట్టి మీరు అటు తిరుగుతున్నారనుకుంటాడు. అది మానేయండి.

విగ్రహం చుట్టూ తిరిగే సెంటర్లలో లోపల ఉన్న బండికే ముందు దారి, కొత్తగా వచ్చేవాడు ఆగాలి. సిగ్నల్ లేని, పోలీసు లేని సమాన దారుల కూడలిలో కుడి నుంచి వచ్చే బండికి దారివ్వాలి. ఇవి 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉన్నాయి. కానీ ఎదుటివాడికి తెలుసని నమ్ముకోవద్దు. అతను నెమ్మదించాడా లేదా అన్నదే చూడండి. పసుపు లైటు మిణుకుమిణుకుమంటుంటే నెమ్మదించి దాటొచ్చు, ఎరుపు అలా మిణుకుతుంటే పూర్తిగా ఆగి చూసుకుని దాటాలి.

16వ నంబరు హైవే దాటే చోట లెక్క వేరు. 80 వేగంలో వచ్చే లారీ సెకనుకు 22 మీటర్లు మింగేస్తుంది. ఆగిన కారు రెండు వరసలు దాటడానికి ఐదారు సెకన్లు కావాలి. కాబట్టి కనీసం 150 మీటర్లు ఖాళీ ఉండాలి. చీకట్లో ఇంకా ఎక్కువే. డివైడర్ సందులో మీ కారు పొడవు పట్టదనుకుంటే సగంలో ఆగే ఆలోచనే వద్దు. కృష్ణపట్నం పోర్టు వైపు ట్రైలర్ల వెనక దాటడమంటే మరీ ప్రమాదం, వాటి పక్క వరసలో వచ్చే బైకు మీకు కనబడదు.

ఇక ఫిర్యాదు సంగతి. "రోజూ జామ్ అవుతోంది" అని రాస్తే ఎవరికీ పట్టదు. మూడు రోజులు ఒకే అరగంటలో, పది పచ్చల చొప్పున లెక్కపెట్టండి: పచ్చ ఎన్ని సెకన్లు, ఎన్ని బండ్లు మిగిలిపోయాయి, అవతల ఏది అడ్డం నిలబడింది. ఒక ఫొటో కలపండి. సాధారణంగా సిగ్నల్ టైమింగు ట్రాఫిక్ పోలీసులు చూస్తారు, గీతలూ రోడ్డూ కార్పొరేషన్‌వి. హైవే మీదైతే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేయండి. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు. పచ్చ సమయం పెంచమని మాత్రం అడగొద్దు. అవతల మూసుకుపోయి ఉంటే పెంచిన సెకన్లు వృథా, మిగతా మూడు దారుల వరసలు ఇంకా పెరుగుతాయి. ఆటోలు, బస్సులు ఆగే చోటును సెంటర్ నుంచి యాభై అరవై మీటర్ల అవతలికి జరపమని, కూడలి నడుమ పసుపు గళ్ల పెట్టె, అంటే లోపల బండి ఆగకూడదని చెప్పే గీతలు, గీయమని అడగండి.