మా వాడే తోటి పిల్లాణ్ని ఏడిపిస్తున్నాడట!

ప్రశ్న: మాది అనంతపురం వైపు. బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటాం. మా అబ్బాయికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. పోయిన వారం క్లాస్ టీచర్ పిలిపించి, స్కూల్ వ్యాన్‌లో ఒకటో తరగతి బాబును మా వాడు చాలా రోజులుగా ఏడిపిస్తున్నాడని చెప్పారు. ఆ బాబుకు నత్తి. వాడిలాగే మాట్లాడి అందరినీ నవ్విస్తాడట, బ్యాగ్ మోయిస్తాడట, టిఫిన్ బాక్స్ లాక్కుని "నీ పేరు ఆగకుండా చెప్పు, అప్పుడిస్తా" అంటాడట. ఆ బాబు బడికి వెళ్లనని మొండికేస్తే విషయం బయటపడింది. వాళ్లమ్మ పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. మా వారు ఆ రాత్రి వాణ్ని బెల్టుతో కొట్టారు. అత్తయ్య మాత్రం "మగపిల్లలన్నాక ఆ మాత్రం అల్లరి ఉండదా" అంటున్నారు. నిజానికి ఇంట్లో వాడు చాలా సరదాగా ఉంటాడు, వాళ్ల నాన్నలాగే మిమిక్రీ బాగా చేస్తాడు. ఆ బాబు వాళ్లు కన్నడిగులు, నాకు కన్నడం అంతంతమాత్రం. వాళ్లతో ఏం మాట్లాడాలి? స్కూల్ మార్చేద్దామా? వీడు పెద్దయ్యాక రౌడీ అవుతాడా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం: ఏడ్చిన పిల్లల తల్లులు రాసినంతగా ఏడిపించిన పిల్లల తల్లులు రాయరు. "మా వాడు అలాంటివాడు కాదు" అని టీచర్‌తో గొడవకు దిగకుండా మీరు ఉత్తరం రాశారు. సగం దారి వచ్చేసినట్టే.

రౌడీ అవుతాడా అన్న భయం ముందు పక్కన పెట్టండి. ఎనిమిదేళ్ల పిల్లాడి మీద అలాంటి ముద్ర వేయకూడదు. అలాగని ఇది మీ అత్తయ్యగారు అన్నట్టు ఉత్త అల్లరీ కాదు. నార్వేలో 1980లలో బడి పిల్లల మధ్య వేధింపులను అరికట్టే కార్యక్రమాన్ని మొదలుపెట్టిన డాన్ ఓల్వియస్ అనే మనస్తత్వవేత్త మూడు గుర్తులు చెప్పారు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదిరించలేని వాడి మీద చేయడం. ఇద్దరు మూడో తరగతి పిల్లలు బంతి కోసం కొట్టుకుంటే అది తగవు. ఆరేళ్ల బాబు తన డబ్బా తను తినడానికి తన పేరు ఆగకుండా చెప్పాల్సి వస్తే అది తగవు కాదు. అత్తయ్యగారికి ఈ టిఫిన్ బాక్స్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. మనవడి మీద ప్రేమ ఉన్న పెద్దావిడకు ఆ పసివాడి ఆకలి అర్థం కాకపోదు.

ఇక బెల్టు. మీ వారి కోపం, అవమానం నాకు అర్థమవుతాయి. కానీ ఆ రాత్రి మీ వాడు నేర్చుకున్నది ఏమిటి? బలమున్నవాడు లేనివాణ్ని కొట్టవచ్చని. వ్యాన్‌లో వాడు చేసింది కూడా అదేగా. ఇంకోసారి బెల్టు తీయనని మీ వారు వాడికి చెప్పాలి. మీ చేత చెప్పించకూడదు, ఆయనే చెప్పాలి.

మీరు యథాలాపంగా రాసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. వాళ్ల నాన్నలాగే మిమిక్రీ బాగా చేస్తాడని రాశారు. ఎవరిని అనుకరిస్తారో రాయలేదు. సినిమా నటులనైతే పేచీ లేదు. కానీ చాలా ఇళ్లలో భోజనాల దగ్గర నవ్వులు పూసేది అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ యాస మీద, పనమ్మాయి నడక మీద, ఊళ్లో చెవుడున్న తాతయ్య మీద. మీ ఇంట్లోనూ అదే అయితే వాడి లెక్క సరిగ్గానే ఉంది. ఇంట్లో ఒకరిలా మాట్లాడితే అందరూ పడీపడీ నవ్వారు, "మళ్లీ చెయ్యరా" అన్నారు. వ్యాన్‌లోనూ చేశాడు, అక్కడా నవ్వారు. ఈ రెండింటికీ తేడా ఉందని వాడికి ఎవరు చెప్పారు? కాబట్టి మీ వారు కొన్నాళ్లు మనుషుల లోపాల మీద, యాసల మీద జోకులు ఆపాలి. వాడి విద్యను మాత్రం తొక్కేయకండి. పక్షులు, బండ్లు, మెట్రో అనౌన్స్‌మెంట్, వాడిష్టం, చేయనివ్వండి.

వాడితో మాట్లాడేటప్పుడు "ఎందుకు చేశావు?" అని అడగకండి. ఆ వయసు పిల్లలకు ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. తల వంచుకుని "ఊరికే" అంటారు, మనకు ఇంకా ఒళ్లు మండుతుంది. "బాక్స్ తీసుకున్నప్పుడు నీ పక్కన ఎవరున్నారు? ఎవరు నవ్వారు? ఆ బాబు అప్పుడు ఎలా ఉన్నాడు?" అని అడగండి. మెల్లగా కథంతా వస్తుంది. నత్తి గురించి కూడా తిన్నగా చెప్పండి. ఆ బాబుకు చెప్పాల్సిన మాట తెలుసు, బయటకు రావడానికి కాస్త టైమ్ పడుతుంది, అంతే. ఇది ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది, చాలామందిలో తగ్గిపోతుంది కూడా. "వెక్కిరిస్తే నీకూ నత్తి వస్తుంది" అని మన పెద్దలు బెదిరిస్తుంటారు. ఆ మాట వద్దు. అది నిజం కాదు సరికదా, ఆ బాబును అంటురోగిని చేస్తుంది.

నవ్వినవాళ్ల సంగతి మీకంటే స్కూలుకు ఎక్కువ అవసరం. టొరంటో ప్రాథమిక పాఠశాలల్లో పిల్లల ఆటలను వీడియో తీసి చేసిన ఒక అధ్యయనం 2001లో వచ్చింది. వేధింపు జరిగిన పది సందర్భాల్లో దాదాపు తొమ్మిదింట చుట్టూ వేరే పిల్లలు ఉన్నారు. ఎవరైనా అడ్డుపడింది మాత్రం అయిదింట ఒకసారే. అలా అడ్డుపడినప్పుడు సగానికి పైగా సార్లు పది సెకన్లలోనే ఆగిపోయింది! ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం తయారు చేసిన 'కివా' కార్యక్రమం ఈ చూసేవాళ్ల మీదే ఆధారపడింది. నవ్వకండి, ఆ పిల్లాడి పక్కకు వెళ్లి కూర్చోండి, పెద్దవాళ్లకు చెప్పండి అని క్లాసులో పిల్లలకు నేర్పుతారు. మీ వాడు ఒక్కడే మారి వ్యాన్‌లో మిగతా పిల్లలు మారకపోతే, రేపు ఆ వెనక సీట్లో ఇంకొకడు తయారవుతాడు.

అందుకే టీచర్ దగ్గరికి మళ్లీ వెళ్లండి, ఈసారి మీరే టైమ్ అడిగి. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఒక్కోసారి గంటకు పైగా పిల్లలంతా ఒక్క వ్యాన్‌లో కూర్చుంటారు, టీచర్ ఉండరు. చిన్నపిల్లలను ముందు సీట్లలో ఆయా పక్కన కూర్చోబెట్టమనండి. మీ వాడికీ సీటు ఖాయం చేయమనండి, ఆ బాబుకు దూరంగా. సీబీఎస్‌ఈ స్కూలైతే వైస్ ప్రిన్సిపాల్, కౌన్సెలర్, తల్లిదండ్రుల ప్రతినిధి వంటివారితో దీనికో కమిటీ ఉండాలని బోర్డు 2015లోనే చెప్పింది, అది ఉందో లేదో అడగండి. ప్రేయర్‌లో అందరి ముందు నిలబెట్టి సారీ చెప్పిస్తామంటే ఒప్పుకోకండి. 2009 నాటి విద్యా హక్కు చట్టం బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఎనిమిదో తరగతి అయ్యేలోపు పిల్లలను బడి నుంచి తీసేయకూడదనీ చెప్పింది (మైనారిటీ సంస్థల స్కూళ్లకు ఈ చట్టం వర్తించదు). ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "చేతులు కలపండి, ఫ్రెండ్స్ అయిపోండి" అనడం కూడా వద్దు. భయపడ్డ పిల్లాడికి అది రెండో శిక్ష.

ఆ తల్లితో వాట్సాప్ గ్రూప్‌లో ఒక్క మాట కూడా రాయకండి, వివరణ అసలే వద్దు. ఫోన్ చేసి వాళ్లకు వీలైనప్పుడు మీరిద్దరూ వెళ్లండి, పిల్లాడు లేకుండా. "తప్పాయితు, క్షమిసి" అనడానికి మీకున్న కన్నడం చాలు. మిగతాది తెలుగు, ఇంగ్లిష్ కలిపి చెప్పినా బెంగళూరులో ఎవరికైనా అర్థమవుతుంది. "కానీ మీ వాడు కూడా..." అన్న మాట మాత్రం రానీయకండి. ఆవిడ కోప్పడితే వినండి. ఆ బాబుకు ఇబ్బంది లేదని వాళ్లు అంటేనే మీ వాడి చేత క్షమాపణ చెప్పించండి. కార్డు మీద రెండు ముక్కలు తనే రాసినా చాలు.

స్కూల్ ఇప్పుడు మార్చకండి. చేసింది సరిదిద్దుకోవాల్సిన చోటు అదే. నెల తర్వాత ఎలా ఉందని వాణ్ని కాదు, టీచర్‌నూ ఆయానూ అడగండి. ఈలోగా చిన్నపిల్లలనో జంతువులనో బాధపెట్టడం, నిద్రలో ఉలిక్కిపడటం, ఎప్పుడూ చిర్రుబుర్రులాడటం కనిపిస్తే నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం మీ ఊళ్లోనే ఉంది. అంతదూరం వెళ్లేముందు మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416కు చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీకు నిద్ర పట్టడం లేదన్నారు కదా, ఆ ఫోన్ మీ కోసం కూడా చేసుకోవచ్చు.