సెలవు అడిగేటప్పుడు రోగాన్ని పెంచకు, అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మొన్న సిరిమాను ఉత్సవానికి విజయనగరం వచ్చినప్పుడు నువ్వు చెప్పిన కబురు ఇంకా నా బుర్రలో తిరుగుతోంది. ముక్కు మూసుకుని శ్రీకాకుళం ఆఫీసుకి ఫోన్ చేసి, "నూట రెండు జ్వరం సార్, మంచం దిగలేకపోతున్నాను" అన్నావట. పిల్లలంతా పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమాను అని అందరికీ తెలిసిందే. ముందే ఒక సీఎల్, అదే క్యాజువల్ లీవు, అడిగితే సరిపోయేది. మన రెండు జిల్లాల్లో ఆ మాట అర్థంకాని ఆఫీసరు ఉండడు. ఏడాదికి 15 సీఎల్‌లు ఇచ్చేది ఇలాంటి వాటికే. జలుబుకీ తలనొప్పికీ కూడా అవే చాలు. జలుబైతే జలుబనే చెప్పు. ఎన్నాళ్లు రాలేవో, అర్జెంటు ఫైలు ఎవరికి అప్పగించావో చెప్పి ఆపెయ్యి. రోగాన్ని వర్ణించకు.

మెడికల్ సర్టిఫికెట్ పుట్టించే అలవాటు అసలే వద్దు. ఆ సర్టిఫికెట్ మీద పూర్తి జీతంతో తీసుకునే కమ్యూటెడ్ లీవు ఒక్క రోజు వాడితే, హాఫ్ పే లీవు (సగం జీతం సెలవు) ఖాతాలో రెండు రోజులు తరుగుతాయి. ఏడాదికి జమయ్యేది 20 రోజులే. రేపు నిజంగా ఏ కామెర్లో, ఆపరేషనో వస్తే ఆ ఖాతాయే ఇంటిని నిలబెడుతుంది.

ఇంకొకటి, ఇది నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి. నేను పనిచేసే రోజుల్లో కవిటి వైపు అటెండరు ఒకతను, "ఒంట్లో ఓపిక లేదు బాబూ" అని తరచూ సెలవు అడిగేవాడు. సెక్షన్లో అతనికి 'సోమవారం జ్వరం' అని పేరు పెట్టారు. నేను వారించలేదు. ఆ పేరుకి సిగ్గుపడి అతను సెలవు అడగడమే మానేశాడు. మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని మింగుతూ డ్యూటీకి వచ్చేవాడు. కాళ్లు వాచాక రక్తపరీక్ష చేస్తే, కిడ్నీలు అప్పటికే పాడైపోయాయి. ఉద్దానంలో, అంటే మన కవిటి, సోంపేట, పలాస వైపు, కిడ్నీ జబ్బుతో జనం పడే బాధ నీకు తెలియనిది కాదు. ఆ జబ్బు మొదట్లో పెద్దగా బయటపడదు. పైగా నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు వాడితే కిడ్నీలకి మరింత చేటు. అతను డయాలసిస్‌కి తిరిగే రోజుల్లో మాలో ఎవరికీ అతని మొహం చూసే ధైర్యం లేకపోయింది.

మీ సెక్షన్లో సోంపేట, పలాస వైపు వాళ్లెవరైనా నీరసమంటే, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోమని చెప్పు. ఆ పూట వాళ్ల పని నువ్వు చూడు.

వచ్చే ఏడు సీఎల్ పెట్టుకుని ముందురోజే రా. మీ అత్త ఎదురుచూస్తుంది.

మీ మావయ్య