అలవాటుగా అన్న మాటకు కేసు పెడతారా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. నేను అసోసియేషన్ సెక్రటరీని. ఏడు నెలల కింద జనరల్ బాడీ మీటింగ్‌లో, పోలియో వల్ల కాలు దెబ్బతిన్న ఒక ఫ్లాట్ ఓనర్, లిఫ్ట్ దగ్గర ర్యాంప్ కట్టేదాకా మెయింటెనెన్స్ ఇవ్వనన్నారు. "కుంటి సాకులు చెప్పకండి" అన్నాను. నా ముందు ఆ మాట వాడొద్దని ఆయన అందరి ఎదుటా చెప్పారు. ఆ రాత్రి కోపంలో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "కుంటివాణ్ణి కుంటివాడు అనక ఇంకేమనాలి" అని పెట్టాను. ఇప్పుడు పోలీసులు స్టేషన్‌కు రమ్మని ఫోన్ చేశారు. మా ఊళ్లో మనుషుల్ని అలాగే పిలుస్తాం, ఎవరూ తప్పు పట్టరు. ఆయన మీద నాకు ద్వేషమేమీ లేదు. ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆయనకు సర్టిఫికెట్ ఉందో లేదో కూడా నాకు తెలియదు. ఆరు నెలలు దాటితే కేసు చెల్లదంటున్నారు, నిజమేనా? మెసేజ్ డిలీట్ చేసి, మినిట్స్ పుస్తకంలో ఆ పేజీ మార్చి రాయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఊరి గురించీ నిద్ర గురించీ రాసిందంతా పక్కన పెడుతున్నాను. కేసును తేల్చేది మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ రాత్రి మెసేజ్.

వికలాంగుల హక్కుల చట్టం, 2016లో సెక్షన్ 92(ఎ) ఉంది. వికలాంగుడైన వ్యక్తిని కించపరచాలనే ఉద్దేశంతో, కావాలని, నలుగురికీ కనబడే చోట అవమానిస్తే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. ఇందులో ప్రాసిక్యూషన్‌కు కష్టమైన పని ఉద్దేశాన్ని రుజువు చేయడం. మీటింగ్‌లో అన్న మాట ఒక్కటే ఉండి ఉంటే నేను గట్టిగా వాదించేవాణ్ణి. ఆ మాట పత్రికల్లో కూడా కనిపిస్తుంది, మీరు అన్నది సాకును గానీ మనిషిని కాదు అనేవాణ్ణి. కానీ ఆయన వద్దన్నారు. ఆ తర్వాత ఆలోచించుకోవడానికి మీకు కొన్ని గంటల సమయం ఉంది. ఆ సమయం గడిచాక అదే మాటను సాకు మీద నుంచి తీసి మనిషి మీద పెట్టారు. అలవాటు అనే వాదన అక్కడితో పోయింది.

నలుగురికీ కనబడే చోటు అనే మాట ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోనూ ఉంది. సొంత స్థలమైనా బయటివాళ్లకు కనబడుతూ వినబడుతూ ఉంటే అది ఆ మాట కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2008లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. మీ మీటింగ్ సంగతి చెప్పనక్కర్లేదు. వాట్సాప్ గ్రూపు బయటివాళ్లు చూడలేనిది కదా అని వాదించవచ్చు. అయితే ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోను కేరళ హైకోర్టు 2022లో నలుగురికీ కనబడే చోటుగానే లెక్కించింది. కాబట్టి ఆ ఒక్క వాదన మీదే బరువంతా వేయకండి.

సర్టిఫికెట్ ఊసు ఎత్తకండి. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం ఉండాలనే లెక్క రిజర్వేషన్ వంటి ప్రయోజనాలకు. సెక్షన్ 92(ఎ)లో ఆ శాతం లేదు. పైగా ఆయన కాలి సంగతి మీకు తెలుసని మీ మెసేజే చెబుతోంది.

ఇక గడువు. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 514 ప్రకారం ఆరు నెలల గడువు జరిమానా మాత్రమే పడే నేరాలకు. ఏడాది దాకా శిక్ష ఉంటే ఏడాది, మూడేళ్ల దాకా ఉంటే మూడేళ్లు. అంతకు మించి శిక్ష పడే నేరానికి గడువే లేదు. మీది ఐదేళ్ల దాకా పడే నేరం. ఆలస్యం ఎందుకైందని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగవచ్చు, అంతే. నోటి మాటకు సాక్షులు ఏడు నెలల్లో మరిచిపోవచ్చు గానీ స్క్రీన్‌షాట్‌లో అక్షరం మారదు.

మీ మిత్రుడి సలహా చదివి నాకు కోపం వచ్చింది. ఏడు నెలల తర్వాత "అందరికీ డిలీట్" ఆప్షన్ ఉండదు. మీ ఫోన్‌లో మాత్రమే పోతుంది, మిగిలినవాళ్ల ఫోన్లలో ఉంటుంది. ఆ రాత్రి ముందూ వెనకా ఎవరు ఏమన్నారో చూపే చాట్ మీ దగ్గర లేకుండా పోతుంది. పైగా సాక్ష్యంగా రావాల్సిన పత్రాన్ని గానీ ఎలక్ట్రానిక్ రికార్డును గానీ నాశనం చేయడం నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 241 కింద మూడేళ్ల దాకా శిక్ష పడే వేరే నేరం. మినిట్స్ పేజీ మారిస్తే ఫోర్జరీ. మీటింగ్‌కు వచ్చినవాళ్లలో ఒక్కరి దగ్గర పాత పేజీ ఫోటో ఉన్నా మీరు రెండు కేసుల్లో ముద్దాయి. సెక్రటరీగా ఆ పుస్తకం మీ చేతిలో ఉంది కాబట్టి అనుమానం కూడా నేరుగా మీ మీదికే వస్తుంది. ఈ పని చేస్తానంటే ఏ లాయర్ దగ్గరికీ వెళ్లి డబ్బు వృథా చేసుకోకండి.

మీ ఊళ్లో ఎవరూ తప్పు పట్టరన్నారు. అలా పిలిస్తే పలికినవాళ్లు ఇష్టపడి పలికారనుకుంటున్నారా? కూలికి పిలిచేవాడూ అప్పిచ్చేవాడూ ఆ పేరుతోనే పిలిస్తే పలకక ఏం చేస్తారు? మీ అపార్ట్‌మెంట్‌లోని ఆ ఫ్లాట్ ఓనర్ మీ దగ్గర కూలి చేయడం లేదు కాబట్టి వద్దని చెప్పగలిగారు. ఆయన అడిగింది ఒక్క మాట మానేయమని. సినిమాల్లో వికలాంగుల చిత్రణపై 2024 జూలైలో నిపుణ్ మల్హోత్రా కేసులో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు కూడా ఇలాంటి మాటలు మనుషుల విలువ తగ్గిస్తాయని చెప్పింది. కులం పేర్లతో ఉన్న సామెతలు ఇంకా ప్రమాదం. అలాంటిది ఒక ఎస్సీ వ్యక్తిని ఉద్దేశించి నలుగురిలో అని ఉంటే, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని సెక్షన్ 18 ముందస్తు బెయిల్‌కే అడ్డు పడేది. మీకు ఆ అడ్డు లేదు.

అందుకే ఈ వారమే ఒక క్రిమినల్ లాయర్‌ను కలిసి, నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 482 కింద (ఇక్కడి నుంచి చెప్పే సెక్షన్లన్నీ అందులోవే) సిటీ సివిల్ అండ్ సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిల్ పిటిషన్ సిద్ధం చేయించుకోండి. ఎఫ్ఐఆర్ అయిందో లేదో స్టేషన్‌లో కనుక్కోండి. ఇలాంటి నేరాల్లో ఎఫ్ఐఆర్ కాకముందు డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు సెక్షన్ 173(3) వీలిస్తుంది. మీకు ఏదైనా మేలు జరిగితే ఆ దశలోనే జరగాలి. అరెస్టు చేయకుండా హాజరు కమ్మని పిలిచే సెక్షన్ 35(3) నోటీసు ఇస్తే చెప్పిన తేదీకి తప్పక హాజరవ్వండి.

క్షమాపణ రాతపూర్వకంగా, మెసేజ్ పెట్టిన ఆ గ్రూపులోనే చెప్పండి. ముందు లాయర్‌కు చూపించండి. ఒప్పుకోలుగా వాడతారేమోనని భయం ఉంటుంది. కానీ మెసేజ్ మీది కాదని ఎలాగూ అనలేరు. "మీకు బాధ కలిగి ఉంటే" అని రాయొద్దు. ఆయన వద్దన్నాక కూడా అన్నాను, తప్పు, ఇక అనను అని రాయండి. ఆయన ఇంటికి డబ్బుతో గానీ పెద్దమనుషులతో గానీ వెళ్లకండి, అది సాక్షిని ఒత్తిడి చేయడంగా మారుతుంది. ఆయన మనస్ఫూర్తిగా రాజీకి ఒప్పుకుంటే కేసు కొట్టేయమని సెక్షన్ 528 కింద కర్ణాటక హైకోర్టును ఇద్దరూ కలిసి అడగవచ్చు. స్టేషన్‌లో రాసుకున్న రాజీ కాగితంతో ఎఫ్ఐఆర్ రద్దు కాదు.

ర్యాంప్ సంగతి కమిటీ అజెండాలో వెంటనే పెట్టండి. క్షమాపణకు ముడిపెట్టి కాదు, ఆయన మెయింటెనెన్స్ బాకీకి ముడిపెట్టీ కాదు. మినిట్స్ పుస్తకం, మీ ఫోన్ ఉన్నవి ఉన్నట్టుగా ఉంచండి. పోలీసులు అడిగితే ఇచ్చి, స్వాధీనం చేసుకున్నట్టు రసీదు తీసుకోండి.