అంబ్రెల్లా శాంప్లింగ్ మొదలుపెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రొటీన్ గుంటలోంచి లిగాండ్ (ఆ గుంటలో అతుక్కునే చిన్న అణువు) ఎప్పుడు బయటపడుతుందా అని కంప్యూటర్ సిమ్యులేషన్‌లో మామూలు రన్ వదిలి కూర్చోకు నాయనా. లెక్క కట్టి చూడు. 300 కెల్విన్ దగ్గర మోల్‌కు 60 కిలోజౌళ్ల శక్తి గుట్ట అడ్డుంటే, ట్రాన్సిషన్ స్టేట్ సూత్రం ప్రకారం అది దాటడానికి సగటున నాలుగైదు మిల్లీసెకండ్లు పడుతుంది. 2 ఫెమ్టోసెకండ్ల స్టెప్పు వేస్తే, రెండు లక్షల కోట్ల స్టెప్పులు! అందుకే గుంటనుంచి లిగాండ్ దూరం పెరిగే దారిని విండోలుగా (చిన్న ముక్కలుగా) కోసి, ఒక్కోదాంట్లో లిగాండ్‌ను స్ప్రింగుతో కట్టేయాలి. అంబ్రెల్లా శాంప్లింగ్ అంటే ఇదే.

స్ప్రింగు బలం 1000 (కిలోజౌళ్లు, మోల్‌కు, చదరపు నానోమీటరుకు) పెడితే లిగాండ్ అటూ ఇటూ ఊగేది సుమారు 0.05 నానోమీటర్లు. కాబట్టి విండోల ఎడం 0.1 నానోమీటరు దాటనివ్వకు. దాటితే పక్కపక్క హిస్టోగ్రామ్‌లు (లిగాండ్ ఏ దూరంలో ఎన్నిసార్లు ఉందో చూపే పటాలు) కలవవు. ఆ ఖాళీకి ఇటున్న ముక్కకీ అటున్న ముక్కకీ ఎత్తు తేడా ఎంతో వామ్‌కు (హిస్టోగ్రామ్‌లన్నీ కలిపి దూరంతో శక్తి మారే గీత కట్టే పద్ధతి) తెలిసే దారి లేదు, అయినా నున్నటి గీత గీసి చేతిలో పెడుతుంది. నిటారు వాలు మీద ఇంకో చిక్కుంది: 0.8 నానోమీటర్ల దగ్గర కట్టిన లిగాండ్ గుంటవైపు జారి 0.7 దగ్గర కూర్చుంటుంది. అక్కడ మాత్రం బలం 3000 చేసి, 0.05 ఎడంతో విండోలు కలుపు.

అసలు ప్రమాదం విండోలు మొదలుపెట్టే ఆకృతుల్లో ఉంది. నానోసెకండుకు 10 నానోమీటర్ల వేగంతో లిగాండ్‌ను లాగేస్తే ప్రొటీన్ పక్కగొలుసులకు సర్దుకునే వ్యవధి ఉండదు, గుంటలోకి నీళ్లు రావు. ఆ తప్పు ప్రతి విండోలోకీ వెళ్తుంది. అందుకని బయటికి లాగి ఒకసారి, బయటినుంచి లోపలికి తోసి ఇంకోసారి విండోలు తయారుచెయ్యి. రెండు గీతలూ కలవకపోతే నువ్వు ఎంచుకున్న దూరం కాక వేరేదేదో నెమ్మదిగా కదులుతోందన్నమాట. గుంట వాకిట్లో ఉన్న పక్కగొలుసు కై-1 కోణం (దాని మొదటి బంధం చుట్టూ తిరిగే కోణం) గీసి చూడు. ఒక విండోలో 60 డిగ్రీల దగ్గర, పక్కదాంట్లో 180 దగ్గర బిగుసుకుపోయి, ఏ ఒక్కదాంట్లోనూ తిరగలేదంటే దొంగ అదే. రన్ పొడిగించినంత మాత్రాన అది తేలిగ్గా లొంగదు. పక్క విండోల మధ్య రెప్లికా ఎక్స్ఛేంజ్ (అవి తమ ఆకృతులను అప్పుడప్పుడు మార్చుకునే పద్ధతి) పెట్టు, లేదా ఆ కోణాన్నే రెండో కోఆర్డినేట్‌గా తీసుకో.

లిగాండ్ పూర్తిగా నీళ్లలోకి వెళ్లాక కూడా గీత దిగుతూనే ఉంటే కంగారుపడకు. దూరం పెరిగేకొద్దీ తిరగడానికి చోటు పెరుగుతుంది కదా. 2కేటీ లాగ్ ఆర్ (కే బోల్ట్జ్‌మన్ స్థిరాంకం, టీ ఉష్ణోగ్రత, ఆర్ దూరం) కలిపితే చదును కావాలి. కాలేదంటే సిమ్యులేషన్ పెట్టె చిన్నదేమో చూడు.

గీత ఒక్కటే పంపకు, హిస్టోగ్రామ్‌లూ పంపు. ముందు చూసేది అవే.