ఉలవచారు డౌన్ అయితే కంగారు పడకండి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, బట్టల వ్యాపారం. మా అమ్మాయి ఈ ఏడాది కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ పూర్తి చేసింది. క్యాంపస్‌లో ఒక ఐటీ కంపెనీ ఉద్యోగం వచ్చింది కానీ జాయినింగ్ డేట్ ఇంకా ఇవ్వలేదు. ఈలోగా హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయ పరిశోధన ల్యాబ్‌వాళ్లు ఏడాదిపాటు రీసెర్చ్ అసిస్టెంట్‌గా తీసుకుంటామన్నారు. ఎలా ఉందో చూద్దామని ఇద్దరం వెళ్లాం. పొద్దున పదకొండైనా సగం కుర్చీలు ఖాళీ. ఒకతను మూడు బంతులు ఎగరేస్తూ వరండాలో తిరుగుతున్నాడు. బోర్డు మీద కాగితం విమానాల పోటీ స్కోరు రాసి ఉంది. లోపలి నుంచి ఎవరో ‘ఉలవచారు డౌన్’ అని అరిస్తే అందరూ నవ్వారు. ఒక పిల్లవాడు ప్రొఫెసర్ గారి మొహం మీదే ‘సార్, అది తప్పు’ అన్నాడు, ఆయన కూడా నవ్వేశాడు. మా అమ్మాయేమో అక్కడికే పోతానంటోంది. అది పనిచేసే చోటా, ఆటలాడే చోటా? సంబంధాల వాళ్లు అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: అయ్యా, మీరు చూసినవాటన్నిట్లో నాకు బాగా నచ్చింది ఆ పిల్లవాడి మాట. మిగతావి ఎలా ఉన్నా, అది ఒక్కటి చూసుంటే చాలు, ఆ ల్యాబ్‌ను కొట్టిపారేయొద్దనే చెప్తాను.

మన కాలేజీల్లో ల్యాబ్ అంటే రికార్డు రాయడం, సంతకం పెట్టించుకోవడం, ఎక్స్‌టర్నల్ వచ్చినరోజు వైవాకి వణకడం. ప్రోగ్రాం ఏం చూపించాలో ముందే తెలుసు, అది చూపిస్తే మార్కులు. పరిశోధన ల్యాబ్‌లో జవాబు ఎవరికీ తెలియదు, ప్రొఫెసర్‌కీ తెలియదు. ఆయన ఊహ తప్పని చెప్పడానికి పిల్లలు భయపడితే ఆర్నెల్ల పని, అందరి శ్రమ బూడిదలో పోసినట్టే. అందుకే మంచి గైడ్లు కావాలనే వాతావరణాన్ని తేలికగా ఉంచుతారు. పొద్దున కాగితం విమానంలో ఓడిపోయినందుకు ఎగతాళి చేయించుకున్న సారును మధ్యాహ్నం ‘ఈ లెక్క కుదరదు సార్’ అనడం సులువు. మీకు అమర్యాదగా కనిపించింది అక్కడ పనిలో భాగం.

బంతులు ఎగరేసే అబ్బాయి సంగతి. అమెరికాలో బెల్ ల్యాబ్స్ అని ఒక పరిశోధన సంస్థ ఉంది. సమాచారాన్ని బిట్లలో, అంటే సున్నాలు ఒకట్లలో, ఎలా కొలవాలో 1948లో లోకానికి చెప్పిన క్లాడ్ షానన్ అక్కడి మనిషే. ఆయన ఆ వరండాల్లో ఒంటిచక్రం సైకిల్ తొక్కేవాడు, బంతులు ఎగరేసేవాడు. 1950లో చిక్కుదారిలో దానంతటది దారి వెతుక్కునే చెక్క ఎలుక బొమ్మను కూడా తయారుచేశాడు. ఆయనకు సరదాకూ పనికీ మధ్య గోడ లేదు. అలాగని బంతులు ఎగరేసే ప్రతివాడూ షానన్ అయిపోడు, అది నాకూ తెలుసు.

ఆటల వల్ల ఏం ఒరుగుతుందని మీరు అడగొచ్చు. అదే బెల్ ల్యాబ్స్‌లో 1969లో కెన్ థాంప్సన్ అనే ఆయన సౌరకుటుంబంలో వ్యోమనౌక నడిపే ఒక ఆట రాసుకున్నాడు. పెద్ద కంప్యూటర్ మీద ఒక్కసారి ఆడితే సుమారు 75 డాలర్ల కంప్యూటర్ సమయం ఖర్చయ్యేది. దాంతో మూల పడున్న పీడీపీ-7 అనే చిన్న యంత్రం మీదికి ఆటను మార్చాడు. ఆ యంత్రానికి అవసరమైన హంగులేవీ లేవు, తనే ఒక్కొక్కటి రాసుకుంటూ పోయాడు. ఆ యంత్రం మీదే ఆయనా, సహచరులూ కలిసి కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్ యునిక్స్‌ను పుట్టించారు. మీ కొట్లో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాని అడుగున ఉన్నది లినక్స్, అది యునిక్స్ దారిలో రాసినదే. థాంప్సన్‌ను ఆరోజు ఎవరైనా ‘ఆటలు కట్టిపెట్టు’ అనుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. కానీ ఆటలో ఉన్న పట్టుదలే ఆయన్ని ఆ యంత్రం లోతుల్లోకి లాక్కెళ్లిందన్నది నిజం.

ఇక ‘ఉలవచారు’. అది సర్వర్ పేరు, అంటే ల్యాబ్‌లో అందరూ తమ లెక్కలు నడిపించుకునే కంప్యూటర్ పేరు అయ్యుంటుంది. పక్కన గోంగూర, ఉగ్గాని కూడా ఉండే ఉంటాయి. కంప్యూటర్లకు పేర్లు పెట్టడం ఎలా అని 1990లోనే ఇంటర్నెట్ ఇంజినీర్ల పత్రాల్లో ఒకటి వచ్చింది, దాని నంబరు 1178. ప్రాజెక్టు పేరో, చేసే పని పేరో యంత్రానికి పెట్టొద్దు, ప్రాజెక్టు మారితే గందరగోళమవుతుంది, ఒకే కోవకు చెందిన పేర్లు పెట్టుకోండి అని అందులో సలహా ఉంది. కాబట్టి ఉలవచారు డౌన్ అయ్యిందంటే ఎవరిదో లెక్క మధ్యలో ఆగిపోయిందని అర్థం. నవ్వినవాళ్లలో ఒకడు కాసేపటికి ఏడుపుమొహం పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి నడిపించి ఉంటాడు!

ఖాళీ కుర్చీల గురించి మాత్రం పూర్తిగా సర్దిచెప్పను. కొంత కారణం ఉంది. ల్యాబ్‌లో సర్వర్లు అందరికీ ఉమ్మడి, రాత్రి ఖాళీగా దొరుకుతాయి. కాన్ఫరెన్సులకు పేపర్లు, అంటే పరిశోధన వ్యాసాలు, పంపే గడువులు కూడా విచిత్రంగా ఉంటాయి. భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ మిగిలున్నంతసేపు గడువు ఉన్నట్టే అని చాలా కాన్ఫరెన్సుల నియమం. మన గడియారంలో అది మరుసటిరోజు సాయంత్రం 5:29 దాకా. అంటే ముందురోజు రాత్రంతా జాగారమే. ఆ తర్వాతిరోజు పదకొండింటికి కుర్చీలు ఖాళీగా ఉంటే తప్పు పట్టలేం. ఏడాది పొడుగునా అర్ధరాత్రి దాకా ఉండటమే గొప్ప అనుకునే ల్యాబ్ అయితే అది వేరే సంగతి. ముఖ్యమైన చర్చలన్నీ రాత్రి పన్నెండింటికి టీ కొట్టు దగ్గర జరిగితే, హాస్టల్ గేటు పదింటికి మూసే అమ్మాయికి వాటిలో చోటుండదు. గ్రూప్ మీటింగ్ పగలే జరుగుతుందా, రాత్రి ఆలస్యమైతే హాస్టల్‌కు చేరే ఏర్పాటు ఏంటి అని మీ అమ్మాయి అడగాలి. ఇది అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

నవ్వుల్లో ఇంకో చిక్కుంది. 1982లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఎవరో లిఫ్టులో పాదరసం ఒలికిందని కంప్యూటర్‌లో జోక్ వేశారు. కొందరు నిజమనుకుని హడలిపోయారు. అప్పుడు స్కాట్ ఫాల్మన్ అనే పరిశోధకుడు జోకుల పక్కన అడ్డంగా పడుకున్న నవ్వుమొహం గుర్తు పెట్టమన్నాడు. ఇప్పుడు మనం వాట్సాప్‌లో వాడే ఎమోజీలకు ముందున్నది అదే. మన రాజ్ రెడ్డి గారు, అప్పటి చిత్తూరు జిల్లాలో పుట్టి 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అతి పెద్ద పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నాయన, పనిచేసిందీ ఆ విశ్వవిద్యాలయంలోనే. అంత తెలివైనవాళ్ల మధ్య కూడా ఏది వేళాకోళమో, ఏది నిజమో తేలక గొడవైంది. కొత్తగా చేరిన పిల్లకు ఎలా ఉంటుందో ఊహించండి. మీ అమ్మాయి ‘ఏం చేస్తాండారు’ అని మన యాసలో అంటే ఒకసారి నవ్వడం స్నేహం, నెలల తరబడి అదే పట్టుకుని ఏడిపిస్తుంటే స్నేహం కాదు. కాలేజీ పేరు మీద, రంగు మీద, అమ్మాయిల మీద జోకులేసి ‘ఊరికే సరదాకి’ అనేవాళ్లున్న చోట ఎన్ని బంతులు ఎగిరినా నేను పంపను. సారు మీద జోకేయొచ్చా, లేక సారు మాత్రమే వేయాలా? దీన్నిబట్టే చాలా తెలిసిపోతుంది.

అయితే సరదా ఉంది కదా అని పని కూడా ఉందనుకోకూడదు. ఆ ల్యాబ్ పేజీ తెరిచి గత రెండు మూడేళ్లలో ఏం పేపర్లు వచ్చాయో, వాటిలో విద్యార్థుల పేర్లు ముందున్నాయో లేదో అమ్మాయిని చూడమనండి. పెద్ద కాన్ఫరెన్సుల్లో నాలుగు పేపర్లు పంపితే సుమారు ఒకటి తీసుకుంటారు, కాబట్టి సంఖ్య తక్కువని వెంటనే తీసిపారేయకండి. ఇదివరకు అసిస్టెంట్లుగా చేసి వెళ్లినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో అడగాలి. ఇద్దరు ముగ్గురు సీనియర్లకు, ముఖ్యంగా అమ్మాయిలకు, ఫోన్ చేసి ‘చివరిసారి సారుతో కుదరదని చెప్పినప్పుడు ఏమైంది?’ అని అడిగితే వాళ్లు ఎంత ఆలోచించి జవాబిస్తారో గమనించాలి.

డబ్బు సంగతి. అసిస్టెంట్ జీతం ప్రాజెక్టు నిధుల నుంచి వస్తుంది, నిధులు ఆలస్యమైతే జీతమూ ఆలస్యమవుతుంది. ఎంత ఇస్తారో, ఎన్ని నెలలో రాసిన ఆర్డరు చేతికొచ్చాకే గది మాట్లాడుకోండి. మొదటి రెండు మూడు నెలల ఖర్చు మీరే పెట్టుకునేలా ఉండండి. తర్వాత ఆమె పీహెచ్‌డీకి వెళ్లాలనుకుంటే, జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000, సీనియర్‌ది 42,000 రూపాయలు. ఐటీ ఉద్యోగంలో ముందుముందు వచ్చేంత కాకపోవచ్చు, మన ఊళ్లో తీసిపారేసే మొత్తమూ కాదు. పై చదువుల ప్రవేశాలకు పనికొచ్చే గేట్ పరీక్ష రాసి ఉంచుకోమనండి, ఈ ఏడాది చదువుకోడానికి అదే మంచి సమయం.

కంపెనీ ఆఫర్ వదులుకోమని నేను చెప్పను. డేట్ ఇవ్వనిది వాళ్లు. ల్యాబ్‌లో చేరే ముందు, మధ్యలో పిలుపు వస్తే ఎన్ని రోజుల నోటీసుతో వెళ్లొచ్చో ప్రొఫెసర్‌ను ముందే అడగాలి. ఆయన మొహం మాడ్చుకుంటే అదీ మీకు ఒక సమాచారమే. డేట్ వచ్చాక కంపెనీని కొన్ని నెలలు గడువు అడిగి చూడొచ్చు. ఇస్తారని నమ్మకం లేదు, అడిగితే పోయేదీ లేదు.

సంబంధాల వాళ్లకు ‘హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్ పరిశోధన చేస్తోంది’ అని చెప్పండి. అంతకన్నా వివరం అడిగితే అమ్మాయినే చెప్పనివ్వండి. బంతుల మాట మీరు ఎత్తకండి.

చేరిన మూడో నెలలో ఇంటికొచ్చినప్పుడు, ఏం చదివావు, నీ ప్రోగ్రాం ఎవరు చూశారు, ఎవరు ఏం తప్పు పట్టారు అని అడగండి. ఈ మూడింటికీ ఆపకుండా మాట్లాడితే ఉండనివ్వండి. కాగితం విమానాల గురించే చెప్తూ పనిమాట దాటేస్తుంటే కడపలో నా దగ్గరికి రండి, కానీ ఆమెను వెంటబెట్టుకుని రండి. మీరొక్కరే వస్తే నాకు సగం కథే తెలుస్తుంది.