నాయకుణ్ణి ఎన్నుకోబోయే తుపాకీ లైసెన్సుదారుడికి పెదనాన్న లేఖ

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కన్జర్వేటివ్ పార్టీలో సభ్యుడిగా చేరావనీ, మళ్ళీ నాయకత్వ పోటీ వచ్చినప్పుడు తుపాకుల విషయంలో అందరికంటే గట్టిగా ఎవరు మాట్లాడితే వాళ్ళకే ఓటు వేస్తాననీ రాశావు. చేరినందుకు సంతోషం. కెనడాలో పర్మనెంట్ రెసిడెంటుకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు కానీ ఈ పార్టీ నాయకుణ్ణి ఎన్నుకోవడంలో ఉంది. పద్నాలుగేళ్ళు నిండి పౌరుడో, పర్మనెంట్ రెసిడెంటో అయితే చాలు, సభ్యత్వం ఇస్తారు. మనవాళ్ళు చాలామంది ఈ సంగతి తెలియక పౌరసత్వం వచ్చేదాకా రాజకీయాల వైపు చూడరు. నువ్వు చూస్తున్నావు, అది నాకు గర్వంగా ఉంది.

గట్టిగా మాట్లాడేవాడికే ఓటు అన్న మాట దగ్గర మాత్రం నిన్ను ఆపాలనుకుంటున్నాను. నాయకత్వ పోటీలో గట్టిగా మాట్లాడటానికి ఖర్చేమీ లేదు. సభకు వచ్చినవాళ్ళలో సగం మంది జేబులో తుపాకీ లైసెన్సు ఉంటుంది, చప్పట్లు ఎలాగూ వస్తాయి. ఆ అభ్యర్థి అదే మాటను మీ మాంట్రియల్‌లో, ఫ్రెంచిలో, తుపాకీ పేరు వింటేనే భయపడే ఒక తల్లి ఎదుట, తడబడకుండా చెప్పగలడా? నేను చూసేది ఇదే. నువ్వూ ఇదే చూడాలి.

ఎందుకంటున్నానో 2020 పోటీ చెబుతుంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో నోవా స్కోషియాలో ఒక దుండగుడు 22 మందిని చంపాడు. అతనికి లైసెన్సే లేదు. మే 1న అప్పటి లిబరల్ ప్రధాని ట్రూడో ప్రభుత్వం దాదాపు 1,500 రకాల తుపాకులను ఒక్క ఉత్తర్వుతో నిషేధించింది. లైసెన్సు తీసుకుని, చట్ట ప్రకారం తాళం వేసి దాచుకున్నవాళ్ళ తుపాకులు రాత్రికి రాత్రి నిషిద్ధాలయ్యాయి. ఇక్కడ ఆల్బర్టాలో మా షూటింగ్ రేంజిలో అందరి రక్తం ఉడికిపోయింది. ఆ వేడిలోనే ఎరిన్ ఓటూల్ తాను నిఖార్సైన కన్జర్వేటివ్‌నని చెప్పుకుని ఆగస్టులో నాయకుడయ్యాడు. 2021 ఎన్నికల ప్రణాళికలో ఆ ఉత్తర్వును రద్దు చేస్తామని రాశాడు కూడా. సెప్టెంబరు 2న టీవీలో ఫ్రెంచి చర్చ జరిగింది. అక్కడ దీని మీద నిలదీశారు. మూడు రోజులు తికమకగా జవాబులు చెప్పి, 5వ తేదీన, సమీక్ష పూర్తయ్యేదాకా నిషేధాన్ని అలాగే ఉంచుతామన్నాడు. ప్రణాళికలో అడుగున ఒక చిన్న గమనిక చేర్చి మాట మార్చేశారు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అని మావాళ్ళు తిట్టుకున్నారు. నిజానికి ఏరు కూడా దాటలేదు. ఎన్నికల్లో ఓడిపోయాడు, 2022 ఫిబ్రవరి 2న సొంత ఎంపీలే 73–45 ఓట్లతో అతణ్ణి దించేశారు.

అతను అబద్ధాలకోరు అని నేను అనను. ఆ హామీని అతను మనవాళ్ళ మధ్యే తయారు చేసుకున్నాడు, బయటివాళ్ళకు వివరించే సాధన చేయలేదు. సాధన లేని హామీ మొదటి గట్టి ప్రశ్నకే కూలిపోతుంది. అందుకే అభ్యర్థి మీ ఊరికి వచ్చినప్పుడు “మా తుపాకులు మాకు తిరిగి ఇస్తారా” అని అడగకు. దానికి అందరూ అవుననే అంటారు. “1989 డిసెంబరు 6న మా నగరంలోని పాలిటెక్నిక్ ఇంజనీరింగ్ కళాశాలలో 14 మంది యువతులను చంపినవాడి చేతిలో ఉన్నది రూగర్ మినీ-14. అది 2020 నిషేధంలో ఉంది. దాన్ని మళ్ళీ అమ్మకానికి అనుమతిస్తారా, ఇక్కడి జనానికి ఏమని చెబుతారు” అని అడుగు. ఆ అమ్మాయిల కుటుంబాలను గౌరవిస్తూనే, లైసెన్సున్న వేటగాణ్ణి నేరస్తుడిగా చూడటం ఎందుకు తప్పో, టొరంటో నేరాల్లో దొరికే పిస్తోళ్ళలో ఎక్కువ భాగం అమెరికా సరిహద్దు దాటి దొంగచాటుగా ఎందుకు వస్తున్నాయో ఒకే జవాబులో చెప్పగలిగినవాడు దొరికితే అతని పేరు రాసి పెట్టుకో. ఆ కుటుంబాల గురించి చులకనగా మాట్లాడేవాడు దొరికితే, అతను మన పక్షమే అయినా, వదిలెయ్. అది మర్యాదా కాదు, అలాంటివాడు గెలవడు కూడా.

రెండో ప్రశ్న చట్టం గురించి. మనవాళ్ళు ఇక్కడ అన్నిటినీ కలగలిపేస్తారు. 2020 నిషేధం, ఆ తర్వాత 2024 డిసెంబరులో, 2025 మార్చిలో జాబితాకు చేర్చినవీ మంత్రివర్గ ఉత్తర్వులు. కొత్త ప్రభుత్వం వస్తే పార్లమెంటుకు వెళ్ళకుండానే వాటిని వెనక్కి తీసుకోవచ్చు. పిస్తోళ్ళ కొనుగోళ్ళను, అమ్మకాలను ఆపేసింది కూడా 2022 అక్టోబరులో ఉత్తర్వుతోనే మొదలైంది. 2023 డిసెంబరులో సి-21 అనే బిల్లుతో అది చట్టంలోకి ఎక్కింది. ఇక దాన్ని తీయాలంటే కామన్స్ సభలో, సెనేట్‌లో బిల్లు నెగ్గాలి. లైసెన్సు అడిగినవాడి జీవితకాల నేపథ్యాన్ని తనిఖీ చేయాలన్న నిబంధన, దుకాణదారు ఇరవై ఏళ్ళు అమ్మకాల లెక్కలు ఉంచాలన్న నిబంధన 2019 నాటి సి-71 చట్టంలోవి. “అన్నీ మొదటి రోజే రద్దు” అనేవాడికి ఈ తేడా తెలియదు, లేదా నీకు తెలియదని అనుకుంటున్నాడు. ఏది ఉత్తర్వుతో తీస్తారు, దేనికి బిల్లు పెడతారు, మైనారిటీ ప్రభుత్వం వస్తే ఎవరి మద్దతు అడుగుతారు అని వరసగా అడుగు.

మీ క్విబెక్‌లో ఇంకో మెలిక ఉంది. నీ రైఫిల్‌ను నమోదు చేయించుకున్నావు కదా, ఆ రిజిస్ట్రీ రాష్ట్ర ప్రభుత్వానిది, 2018 నుంచి అమల్లో ఉంది. ఒట్టావాలో ఎవరు ప్రధాని అయినా దాన్ని ఎత్తెయ్యలేరు. ఎత్తేస్తానని ఏ అభ్యర్థయినా మీ సభలో అంటే అక్కడితో అతని సంగతి తేలిపోయినట్టే.

ఓపిక గురించి కూడా కొంచెం చెప్పాలి. 1995లో లిబరల్ ప్రభుత్వం సి-68 చట్టం తెచ్చి దేశంలో ప్రతి రైఫిల్‌నూ, షాట్‌గన్‌నూ నమోదు చేయించమంది. నికర ఖర్చు 20 లక్షల డాలర్లన్నారు. 2002లో ఆడిటర్ జనరల్ షీలా ఫ్రేజర్ అది 100 కోట్లు దాటబోతోందని తేల్చింది. అంత బలమైన కారణం చేతిలో ఉన్నా, 2006లో ప్రధాని అయిన మన పార్టీ నాయకుడు హార్పర్ దాన్ని వెంటనే తీయలేకపోయాడు. సభలో మెజారిటీ లేదు. 2010 సెప్టెంబరులో ఒక ఎంపీ పెట్టిన రద్దు బిల్లు 153–151తో, రెండంటే రెండు ఓట్లతో పోయింది. 2011లో మెజారిటీ వచ్చాక, 2012 ఏప్రిల్‌లో రద్దయింది. పార్టీ నిబద్ధత మీద ఎవరికీ అనుమానం లేని రోజుల్లోనే ఆరేళ్ళు పట్టింది. మనం ఎన్నుకునే నాయకుడికి తుపాకుల విషయంలో ఎంత పట్టుదల ఉన్నా, నగర శివారు నియోజకవర్గాల్లో సీట్లు గెలవలేకపోతే ఆ పట్టుదల మన బీరువాలో ఉన్న ఒక్క రైఫిల్‌నూ కాపాడదు.

ఇంకొకటి నన్ను చాలా ఆలోచింపజేసింది. 2022 నవంబరులో సి-21కు ఒక సవరణ తెచ్చి, ఎస్‌కేఎస్ లాంటి వేట రైఫిళ్ళను కూడా నిషేధంలోకి లాగబోయారు. 2023 ఫిబ్రవరిలో దాన్ని ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. మన పార్టీ అరుపులు ఒక్కటే ఆ పని చేయలేదు. ఆదివాసీ తెగల పెద్దల సభ అసెంబ్లీ ఆఫ్ ఫస్ట్ నేషన్స్ ఎదురు నిలిచింది. వామపక్షం వైపు ఉండే ఎన్‌డీపీ పార్టీ గ్రామీణ ఎంపీలు కుదరదన్నారు. మీ మాంట్రియల్ హాకీ జట్టుకు అప్పటి గోల్‌కీపర్ కేరీ ప్రైస్ చేతిలో తుపాకీ పట్టుకుని ఫోటో పెట్టి, దీన్ని ఒప్పుకోనన్నాడు. అతను తల్లి వైపు నుంచి ఆదివాసీ, వేటగాడు. ఇరవై ఏళ్ళుగా ఈ వాదనలు వింటున్న నాకు, మనకు దక్కిన విజయాల్లో అదే శుభ్రమైనదిగా అనిపిస్తుంది. అభ్యర్థి ఆ మనుషులతో కూర్చుని మాట్లాడగలడా? వాళ్ళలో ఒక్కరైనా అతనికి తెలుసా? కన్జర్వేటివ్ సభల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. నువ్వు అడుగు.

గత రికార్డు చూడు, పార్టీ రంగు చూసి మోసపోకు. 2022లో పోటీ చేసిన జాన్ షారే క్విబెక్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, 2012లో, రద్దయిన రిజిస్ట్రీ లెక్కలు తమకు ఇవ్వాలని ఆ ప్రభుత్వం కోర్టుకు వెళ్ళింది. సుప్రీంకోర్టు 2015లో కుదరదంది. తుపాకులవాళ్ళు అది మరచిపోలేదు. మరచిపోకపోవడం సరైనదే. ఇంకా వెనక్కి వెళితే, పాలిటెక్నిక్ హత్యల తర్వాత తుపాకీ మ్యాగజీన్‌లో పట్టే తూటాలకు పరిమితులు తెచ్చిన 1991 నాటి చట్టం కూడా, మన పార్టీకి పూర్వ పార్టీ అయిన ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ ప్రభుత్వానిదే. దాన్ని నేను తప్పు పట్టను. లైసెన్సుకు ముందు శిక్షణ, తనిఖీ ఉండటం మంచిదే, నువ్వూ ఆ కోర్సు చదివే కదా లైసెన్సు తీసుకున్నావు. పార్టీ పేరు ఒక్కటే హామీ కాదని నీకు తెలియాలని చెబుతున్నాను.

ఇక ఓటు లెక్క. ప్రతి నియోజకవర్గానికి, ఇక్కడి భాషలో రైడింగ్‌కు, 100 పాయింట్లు. అక్కడ పోలైన ఓట్ల నిష్పత్తిలో వాటిని పంచుతారు. 2022 నుంచి వందకంటే తక్కువ ఓట్లు పడిన చోట ఎన్ని ఓట్లయితే అన్నే పాయింట్లు. మా రైడింగ్‌లో వేలమంది సభ్యులం కలిసి వంద పాయింట్లు పంచుకుంటాం. క్విబెక్‌లో చాలాచోట్ల కొన్ని వందలమందే. అంటే నీ ఒక్క ఓటు నా ఓటుకు ఎన్నో రెట్లు. 2017లో జరిగింది చూడు. నాయకత్వానికి పోటీ చేసిన బెర్నియే, పాల ఉత్పత్తికి కోటాలు పెట్టే విధానాన్ని ఎత్తేస్తానన్నందుకు క్విబెక్ పాడి రైతులు పార్టీలో చేరి మరీ అతనికి వ్యతిరేకంగా ఓటేశారు. అతను సొంత రైడింగ్ బోస్‌లోనే వెనకబడ్డాడు, చివరికి 13వ రౌండులో 49.05 శాతంతో మరో అభ్యర్థి షీర్ చేతిలో ఓడిపోయాడు. దేశంలో తుపాకీ లైసెన్సున్నవాళ్ళం ఇరవై లక్షలకు పైనే ఉన్నాం. పాడి రైతుల సంఖ్య అందులో చిన్న భాగమైనా కాదు.

బ్యాలెట్ మీద ఒక్క పేరుతో ఆగకు, వరస ఇవ్వు. ప్రతి రౌండులో చివరన ఉన్నవాళ్ళు తప్పుకుంటారు, వాళ్ళకు పడిన ఓట్లు ఆ ఓటర్లు తర్వాత రాసిన పేరుకు వెళతాయి. నీ మొదటి ఎంపిక ముందే తప్పుకుంటే మిగతా రౌండ్లలో నీ మాట ఉండదు. 2020 రెండో రౌండులో లెస్లిన్ లూయిస్‌కు అందరికంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి, అయినా పాయింట్లలో మూడో స్థానంలో నిలిచి తప్పుకుంది. ఆమె ఓటర్లు రెండో, మూడో స్థానాల్లో రాసిన పేర్లే నాయకుణ్ణి తేల్చాయి.

కొన్ని చిన్న జాగ్రత్తలు. సభ్యత్వ రుసుము, 2022లో అది 15 డాలర్లు, నీ డబ్బుతో నువ్వే కట్టాలి. సంఘం పెద్దలెవరైనా “మేం కట్టేస్తాం, సంతకం పెట్టు” అంటే పెట్టకు. అది నిబంధనలకు విరుద్ధం, మన సమాజానికి చెడ్డపేరు. గడువు తేదీకి ముందే రెన్యువల్ చూసుకో. పోస్టులో వచ్చే బ్యాలెట్‌తో ప్రకటన పత్రంపై సంతకం, గుర్తింపు కార్డు నకలు జతచేయడం మరవకు. అవి లేక మంచి మంచి ఓట్లు చెత్తబుట్టలో పడతాయి. ఫోను చేసే ప్రచారకులకు నీ దగ్గర ఏ తుపాకులున్నాయో, ఎక్కడ పెట్టావో ఎప్పుడూ చెప్పకు. జాబితాలు చేతులు మారుతుంటాయి, దొంగల చేతికి చేరే జాబితా కూడా ఉంటుంది.

మన దేశంలో ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు తుపాకులను పోలీస్ స్టేషన్‌లో అప్పగించడం చూస్తూ పెరిగినవాణ్ణి. తుపాకీ పెట్టుకున్నవాడు పార్టీ సభకు వెళ్ళి కాబోయే ప్రధానిని ఎదురుగా నిలబెట్టి ప్రశ్నించగలగడం నాకు ఇప్పటికీ గొప్పగా ఉంటుంది. ఫ్రెంచిలో అడుగు, నీకు వచ్చినంతలో. ఏమని జవాబిచ్చారో అక్షరం మారకుండా రాసుకుని నాకు పంపు. అదే ప్రశ్న అదే అభ్యర్థిని నేను ఇక్కడ రెడ్ డీర్‌లో అడుగుతాను. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇట్లు
నీ పెదనాన్న